కోడి రిమోట్ యాప్‌లో సినిమా ట్రైలర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గరున్న సినిమాలు, పాటలు టీవీలో ఆడించే కోడి అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, ఫోన్‌నే రిమోట్‌గా వాడేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ట్రైలర్ల గురించే. సినిమా బాగానే ఆడుతుంది, పాటలు బాగానే వస్తాయి. ట్రైలర్ దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటి అడ్డం తిరుగుతుంది. బటన్ కనపడదు, కనపడితే నల్ల స్క్రీన్ వస్తుంది, ప్లే అయితే వేరే సినిమాది ప్లే అవుతుంది. ఇన్నాళ్లుగా ఫోన్లోనూ మెసేజ్‌లలోనూ చెప్పిన జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. నేను వాడేది కోడి 21, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కోర్, యాట్సే అనే రిమోట్ యాప్‌లు. మీ యాప్ వేరేదైనా పనిచేసే తీరు దాదాపు ఇదే. పాత గైడ్లలో ఎక్స్‌బీఎంసీ అన్న పేరు కనిపిస్తే కంగారు పడకండి, అదీ కోడీయే. 2014లో పేరు మారింది.

అసలు ట్రైలర్ ఎక్కడ ఉంటుంది? ఫోన్‌లోనా, టీవీ బాక్స్‌లోనా?

చాలాసార్లు రెండింటిలోనూ ఉండదు. ఇది అర్థమైతే కింద ఉన్న జవాబుల్లో సగం మీకు అక్కర్లేదు.

కోడి లైబ్రరీలో ప్రతి సినిమాకీ పేరు, సంవత్సరం, నటీనటులు, కథ ఇలా కొన్ని గడులుంటాయి. వాటిలో ట్రైలర్‌కి కూడా ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఉండేది వీడియో కాదు, వీడియో ఎక్కడుందో చెప్పే అడ్రస్ మాత్రమే. ఎక్కువగా అది యూట్యూబ్ యాడ్-ఆన్‌కి (కోడిలో యూట్యూబ్ వీడియోలు ఆడించడానికి అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రామ్) రాసిన అడ్రస్, చివర 11 అక్షరాల యూట్యూబ్ వీడియో ఐడీతో ఉంటుంది. రిమోట్ యాప్ కోడిని అడిగి ఆ అడ్రస్ తెచ్చుకుంటుంది. మీరు ట్రైలర్ బటన్ నొక్కగానే "ఇదిగో ఈ అడ్రస్, దీన్ని ప్లే చెయ్యి" అని తిరిగి కోడికే చెబుతుంది. కోడి ఆ పనిని యూట్యూబ్ యాడ్-ఆన్‌కి అప్పజెబుతుంది. యాడ్-ఆన్ నెట్‌లోంచి వీడియో లాగి టీవీ మీద వేస్తుంది.

అంటే ఒక్క ట్రైలర్ ఆడాలంటే నాలుగు చేతులు మారాలి: లైబ్రరీలో అడ్రస్, ఫోన్‌లో యాప్, బాక్స్‌లో యాడ్-ఆన్, యూట్యూబ్‌లో వీడియో. తప్పు ఎక్కడ జరిగినా మనకు కనిపించేది ఫోన్ స్క్రీనే కాబట్టి తిట్లన్నీ యాప్‌కే పడతాయి. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో యాప్ తప్పు నిజంగా ఉన్నవి చాలా తక్కువ.

మరి తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

ఫోన్ పక్కన పెట్టండి. మామూలు రిమోట్‌తోనో కీబోర్డ్‌తోనో టీవీ మీదే ఆ సినిమా సమాచారం పేజీ తెరిచి, అక్కడ ట్రైలర్ బటన్ నొక్కండి. అక్కడా ఆడకపోతే ఫోన్‌తో సంబంధం లేదు, యాడ్-ఆన్ లేదా అడ్రస్ చూసుకోవాలి. అక్కడ ఆడి ఫోన్ నుంచి ఆడకపోతే యాప్‌నో కనెక్షన్‌నో చూడాలి. అసలు అక్కడ ట్రైలర్ బటనే లేకపోతే గడి ఖాళీగా ఉందన్నమాట. నిమిషం కూడా పట్టని పని ఇది. దీన్ని వదిలేసి యాప్ తీసేసి మళ్లీ వేసుకుని, పాస్‌వర్డ్ మార్చి, రూటర్ రీస్టార్ట్ చేసి సాయంత్రమంతా పాడుచేసుకున్నవాళ్లు చాలామంది నాకు తెలుసు.

యాప్ కోడికి కనెక్టే కావడం లేదు.

కోడిలో సెట్టింగ్స్, సర్వీసెస్, కంట్రోల్ అన్న చోటికి వెళ్లండి. హెచ్‌టీటీపీ ద్వారా రిమోట్ కంట్రోల్‌కి అనుమతి ఆన్ చేయండి. మామూలుగా పోర్ట్ 8080 ఉంటుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అక్కడే పెట్టుకోవాలి. అదే పేజీలో కిందకి దిగితే, వేరే పరికరాల్లోని యాప్‌లకి అనుమతి ఇచ్చే ఇంకో స్విచ్ ఉంటుంది. అదీ ఆన్ చేయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు. అప్పుడు యాప్ కనెక్ట్ అయినట్టే ఉంటుంది కానీ టీవీలో ఏం ఆడుతోందో ఫోన్‌కి వెంటవెంటనే తెలియదు. ఆ కబుర్లు 9090 పోర్ట్ మీద వస్తాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా కలవకపోతే ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలు ఇంట్లో మిగతా వాటిని చూడకుండా చాలా రూటర్లు అడ్డుకుంటాయి.

సినిమా పేజీలో ట్రైలర్ బటనే కనిపించడం లేదు.

గడి ఖాళీగా ఉంటే చాలా యాప్‌లు బటన్‌ని దాచేస్తాయి. అది మంచి పద్ధతే. నొక్కినా ఏమీ జరగని బటన్ కన్నా లేకపోవడమే నయం.

గడి ఎందుకు ఖాళీగా ఉందంటే, లైబ్రరీలోకి సినిమా చేర్చినప్పుడు స్క్రేపర్‌కి ట్రైలర్ దొరకలేదు. స్క్రేపర్ అంటే సినిమా వివరాలు నెట్ నుంచి తెచ్చే భాగం. ఇప్పటి కోడిలో ఎక్కువమంది వాడేది ద మూవీ డేటాబేస్, అంటే టీఎండీబీ. దాని సెట్టింగ్స్‌లో ట్రైలర్లు తేవాలా వద్దా అన్నది కూడా ఉంటుంది, ముందు అది చూడండి. ఆన్‌లోనే ఉంటే కింది ప్రశ్న చదవండి. తెలుగు సినిమాలకి అసలు చిక్కు అక్కడే.

ఇంగ్లీష్ సినిమాలన్నింటికీ ట్రైలర్ వస్తోంది, తెలుగు సినిమాలకే రావడం లేదు. ఎందుకు?

ఈ ప్రశ్నకి పూర్తిగా జవాబు చెప్పాలని నాకు ఎప్పట్నుంచో ఉంది.

టీఎండీబీలో వీడియోలు చేర్చేది మనలాంటి మామూలు జనమే. ఒక్కో వీడియోకి రెండు గుర్తులు పెడతారు: ఏ రకం, ఏ భాష. రకాల్లో ట్రైలర్, టీజర్, క్లిప్, తెర వెనుక విశేషాలు లాంటివి ఉంటాయి. మన సినిమాల ప్రచారం ఎలా జరుగుతుందో మీకు తెలుసు కదా. ముందు టైటిల్ గ్లింప్స్, తర్వాత హీరో పుట్టినరోజుకి ఇంకో గ్లింప్స్, ఆపైన టీజర్, మధ్యలో లిరికల్ వీడియోలు, రిలీజ్‌కి వారం ముందు థియేట్రికల్ ట్రైలర్, రెండు రోజుల ముందు రిలీజ్ ట్రైలర్. సినిమా ప్రకటించిన కొత్తలో ఉత్సాహం కొద్దీ ఎవరో గ్లింప్స్‌ని టీజర్‌గా చేర్చేసి ఉంటారు. అసలు ట్రైలర్ వచ్చేనాటికి ఆ పేజీని పట్టించుకునేవాళ్లు ఉండరు. స్క్రేపర్ ట్రైలర్ అన్న గుర్తు కోసం వెతుకుతుంది, అది కనపడకపోతే ఖాళీ చేతులతో తిరిగి రావచ్చు.

రెండో చిక్కు భాష. స్క్రేపర్ భాష ఇంగ్లీష్‌లో ఉండి, ఆ ట్రైలర్‌కి తెలుగు అన్న గుర్తు ఉంటే, ఉన్న ట్రైలర్ కూడా లేనట్టే లెక్క. స్క్రేపర్ ముందు మీరు ఎంచుకున్న భాషలో చూస్తుంది, అక్కడ లేకపోతే ఇంగ్లీష్ వైపు వెళ్తుంది. కాబట్టి భాష తెలుగుకి మారిస్తే రెండు చోట్లా వెతికినట్టవుతుంది. అయితే అప్పుడు సినిమా పేర్లు, కథలు కూడా తెలుగులో రావడం మొదలవుతుంది. కొందరికి అదే కావాలి, కొందరికి వద్దు. వద్దనుకునేవాళ్లు తెలుగు సినిమాలన్నింటినీ వేరే ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌కి మాత్రం స్క్రేపర్ భాష తెలుగు పెట్టుకోవచ్చు. కోడిలో ప్రతి సోర్స్‌కీ, అంటే మీరు చేర్చిన ప్రతి ఫోల్డర్‌కీ, స్క్రేపర్ సెట్టింగ్స్ విడిగా ఉంటాయి. నా ఇంట్లో అలాగే ఉంది.

అన్నిటికన్నా మంచిది టీఎండీబీలో ఖాతా తెరిచి మనమే ట్రైలర్ చేర్చడం. సినిమా పేజీలో ఎడిట్, వీడియోస్ దగ్గరికి వెళ్లి యూట్యూబ్ ఐడీ, రకం, భాష ఇస్తే సరిపోతుంది. ఒక్కసారి మీరు చేసిన పని డాలస్‌లో ఉన్నవాళ్లకీ, దుబాయ్‌లో ఉన్నవాళ్లకీ, ఆ సినిమా లైబ్రరీలో చేర్చుకునే ప్రతి ఇంటికీ పనికొస్తుంది. కుదిరినప్పుడల్లా నాలుగైదు సినిమాలకి చేర్చడం నాకు అలవాటు. మీరూ చేయండి, గట్టిగా అడుగుతున్నాను.

తెలుగు సినిమాకి హిందీ ట్రైలర్ వస్తోంది.

ఐదు భాషల్లో విడుదలైన సినిమాలకి ఐదు ట్రైలర్లు ఉంటాయి. ఎవరో హిందీదానికి భాష గుర్తు తప్పుగా పెట్టి ఉంటారు. టీఎండీబీలో సరిచేసి, కోడిలో ఆ సినిమా సమాచారాన్ని రిఫ్రెష్ చేయండి.

పూర్తిగా వేరే సినిమా ట్రైలరే వస్తోంది.

అప్పుడు ట్రైలర్ ఒక్కటే కాదు, పోస్టర్, నటీనటులు కూడా వేరే సినిమావే అయి ఉంటాయి. ఒకసారి చూడండి. మన దగ్గర ఒకే పేరుతో సినిమాలు చాలా ఉన్నాయి. దేవదాసు అని 1953లో అక్కినేని నాగేశ్వరరావుది ఉంది, 2006లో రామ్ నటించినదీ ఉంది. ఫైల్‌కి ఉత్తి పేరు పెడితే స్క్రేపర్ రెండింటిలో ఏదో ఒకటి పట్టుకుంటుంది. ఫైల్ పేరులో సంవత్సరాన్ని బ్రాకెట్లలో రాయండి. ఈ ఒక్క అలవాటుతో సగం గొడవలు పుట్టనే పుట్టవు.

ఫోన్‌లో ట్రైలర్ నొక్కితే టీవీలో ఆడుతున్న సినిమా ఆగిపోయింది. ఇలా కాకుండా చేయలేమా?

ఇది మా ఇంట్లోనే జరిగింది. ఆదివారం సాయంత్రం. నాన్నగారు సినిమాలో పడిపోయి కుర్చీ అంచుకి వచ్చి కూర్చున్నారు, క్లైమాక్స్ నడుస్తోంది. నేను పక్కన సోఫాలో రాత్రికి ఏం చూద్దామా అని ఫోన్‌లో లైబ్రరీ తిప్పుతున్నాను. ఒక పోస్టర్ దగ్గర ఆగి ట్రైలర్ గుర్తు నొక్కాను. ఫోన్‌లో వస్తుందనుకున్నాను. టీవీ ఒక్కసారిగా నల్లబడి, డప్పుల మోతతో కొత్త సినిమా ట్రైలర్ మొదలైంది. "ఏమైందిరా?" అన్నారు నాన్నగారు. ఆ గొంతు ఇప్పటికీ గుర్తుంది.

జరిగింది ఇది. ట్రైలర్‌ని వెంటనే ప్లే చేయమని యాప్ ఆదేశం పంపితే, కోడి అప్పటిదాకా ఆడుతున్నదాన్ని ఆపి దీన్ని మొదలుపెడుతుంది. మామూలుగా అయితే సినిమా ఎక్కడ ఆగిందో కోడి గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ తెరిస్తే అక్కడి నుంచి కొనసాగించమంటారా అని అడుగుతుంది. కానీ మొదటి 3 నిమిషాల్లో ఆగినా, చివరి 8 శాతంలో ఆగినా గుర్తుపెట్టుకోదు. డిఫాల్ట్ సెట్టింగ్ అది. రెండున్నర గంటల సినిమాలో 8 శాతం అంటే 12 నిమిషాలు. నాన్నగారి క్లైమాక్స్ సరిగ్గా ఆ 12 నిమిషాల్లో ఉంది. చూసేసిన సినిమాగా టిక్ కూడా పడిపోయింది, ఎందుకంటే 90 శాతం దాటితే కోడి లెక్కలో సినిమా అయిపోయినట్టే. మళ్లీ మొదటి నుంచి పెట్టి, ముందుకు జరుపుకుంటూ ఆ సీన్ వెతికి పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి నేను పాటించేవి చెబుతాను. టీవీలో ఏదైనా ఆడుతుంటే ట్రైలర్ ఫోన్‌లోనే చూస్తాను. యాప్‌లో ఆ సౌకర్యం ఉంటే సరే, లేకపోతే యూట్యూబ్‌లో వెతుక్కుంటాను. టీవీలోనే కావాలంటే ప్లే నొక్కకుండా క్యూలో పెడతాను, అప్పుడు సినిమా అయ్యాకే ట్రైలర్ వస్తుంది. రిమోట్ యాప్‌లు తయారుచేసేవాళ్లు ఇది చదువుతుంటే ఒక విన్నపం: ఏదైనా ఆడుతున్నప్పుడు ట్రైలర్ నొక్కితే ఒక్క మాట అడిగి ముందుకు వెళ్లేలా చేయండి. ఆ ఒక్క ప్రశ్న ఎన్ని ఇళ్లలో ఎన్ని క్లైమాక్స్‌లు కాపాడుతుందో.

ట్రైలర్ చూస్తే ఆ సినిమా చూసేసినట్టు టిక్ పడుతుందా?

పడదు. కోడి దృష్టిలో ట్రైలర్ వేరే ఫైల్, సినిమా వేరే ఫైల్.

ట్రైలర్ నొక్కితే కాసేపు గిర్రున తిరిగి, ఏమీ రాకుండా ఆగిపోతోంది.

కోడి మీకేం చూపించకపోయినా, జరిగిన తప్పుని లాగ్ అనే ఫైల్‌లో రాసి పెట్టుకుంటుంది. లాగ్ చదివే ఓపిక లేకపోతే ఈ వరసలో చూసుకోండి.

బాక్స్‌లో యూట్యూబ్ యాడ్-ఆన్ ఉందా? లైబ్రరీలో అడ్రస్ ఉన్నంత మాత్రాన యాడ్-ఆన్ దానంతటదే వచ్చి కూర్చోదు. ఫోన్‌లో యూట్యూబ్ ఉంది కదా అంటారు కొందరు. దానికీ దీనికీ సంబంధం లేదు, యాడ్-ఆన్ కోడి లోపల ఉండాలి.

ఉంటే, అది కొత్తదేనా? యూట్యూబ్ తన వైపు తరచూ మార్పులు చేస్తుంటుంది, యాడ్-ఆన్ వాటిని అందుకుంటూ పోవాలి. మీ కోడి 18 దగ్గరే ఆగిపోయి ఉంటే కొత్త యాడ్-ఆన్లు దానికి రావు. 2021లో వచ్చిన కోడి 19తో యాడ్-ఆన్లన్నీ పైథాన్ 3కి మారాయి. పాత టీవీ బాక్స్‌లలో ట్రైలర్లు ఉన్నట్టుండి మాయమయ్యాయని వచ్చే ఫిర్యాదులకి చాలాసార్లు మూలం ఇదే.

తర్వాత ఏపీఐ కీ, అంటే యాడ్-ఆన్ యూట్యూబ్‌తో మాట్లాడటానికి గూగుల్ ఇచ్చే పొడవాటి కోడ్. యూట్యూబ్ యాడ్-ఆన్‌లో సెర్చ్, సైన్ ఇన్ లాంటివి సరిగ్గా నడవాలంటే మీ సొంత కీ పెట్టుకోవాలి. గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో యూట్యూబ్ డేటా ఏపీఐ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టకుండానే వస్తుంది. కీ, క్లయింట్ ఐడీ, క్లయింట్ సీక్రెట్ అని మూడు ఇస్తారు, మూడూ యాడ్-ఆన్‌లో పెట్టాలి. రోజుకి 10,000 యూనిట్లు మామూలు పరిమితి, ఒక ఇంటికి ధారాళంగా సరిపోతుంది. ఇంత పొడవు కీని టీవీ రిమోట్‌తో ఒక్కో అక్షరం కొట్టకండి. రిమోట్ యాప్‌లో టెక్స్ట్ పంపే సౌకర్యం ఉంటుంది, ఫోన్‌లో కాపీ చేసి అందులో పేస్ట్ చేయండి.

ఇవన్నీ బాగుంటే వీడియోనే పోయి ఉంటుంది. మన ట్రైలర్లు ఒకసారి నిర్మాణ సంస్థ ఛానెల్‌లో, ఒకసారి ఆడియో కంపెనీ ఛానెల్‌లో వస్తాయి. హక్కులు చేతులు మారాక పాత వీడియో తీసేసి కొత్తది పెట్టేస్తుంటారు. మీ లైబ్రరీలో పాత ఐడీ అలాగే ఉండిపోతుంది. రిఫ్రెష్ చేస్తే కొత్తది రావచ్చు. ఇంగ్లీష్ సినిమాల పాత లైబ్రరీల్లో ఇంకో రకం ఉంది: ఆపిల్ ట్రైలర్ల సైట్ అడ్రస్‌లు. 2023లో ఆ సైట్ మూసేశారు, అవి ఇక ఆడవు.

కొన్ని వీడియోలు కొన్ని దేశాల్లో రావు, వయసు పరిమితి ఉన్నవి సైన్ ఇన్ కాకుండా రావు. వీటికి యాప్ చేయగలిగింది ఏమీ లేదు.

ట్రైలర్ వస్తోంది కానీ మసకగా ఉంది.

కోడిలో ఇన్‌పుట్‌స్ట్రీమ్ అడాప్టివ్ అనే యాడ్-ఆన్ ఉందో, ఎనేబుల్ అయి ఉందో చూడండి. యూట్యూబ్‌లో మంచి క్వాలిటీ వీడియో, ఆడియో విడివిడిగా వస్తాయి, వాటిని కలిపి ఆడించేది ఇదే. అది లేకపోతే రెండూ కలిసి ఉన్న తక్కువ క్వాలిటీ వీడియోతో సరిపెట్టుకోవాలి.

దీనికి ఉల్టా సమస్య కూడా ఉంది. చిన్న బాక్స్‌లలో 4కే ట్రైలర్ ఆగి ఆగి ఆడుతుంది. యూట్యూబ్ యాడ్-ఆన్ సెట్టింగ్స్‌లో గరిష్ఠ క్వాలిటీని 1080పీకి దించండి.

ట్రైలర్‌కి ఎవరి డేటా ఖర్చవుతుంది?

టీవీలో ఆడితే బాక్స్ ఏ నెట్ మీద ఉంటే దానిది. ఫోన్ పంపేది చిన్న ఆదేశం మాత్రమే. అయితే బాక్స్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపితే లెక్క మారిపోతుంది. సెకనుకి 4 మెగాబిట్ల చొప్పున వేసుకుంటే రెండున్నర నిమిషాల ట్రైలర్‌కి దాదాపు 75 ఎంబీ. రాత్రికి ఏం చూద్దామా అని పది ట్రైలర్లు తిప్పితే 750 ఎంబీ.

ట్రైలర్ మొదటి రెండు మూడు సెకన్లు నల్లగా ఉండి, తర్వాత బొమ్మ వస్తోంది.

కోడిలో వీడియోని బట్టి టీవీ రిఫ్రెష్ రేట్ మార్చే సెట్టింగ్ ఆన్‌లో ఉండి ఉంటుంది. మార్పు జరిగేటప్పుడు టీవీ కాసేపు నల్లబడుతుంది, ఈలోగా వీడియో ముందుకు వెళ్లిపోతుంది. సినిమాకైతే అక్కడ కంపెనీ లోగోలే ఉంటాయి కాబట్టి తెలియదు, ట్రైలర్‌కి తెలుస్తుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద, రిఫ్రెష్ రేట్ మారాక ఎంతసేపు ఆగాలో చెప్పే చోట రెండు మూడు సెకన్లు పెట్టండి.

నెట్ లేకుండా, ట్రైలర్లు మన హార్డ్ డిస్క్‌లోనే పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, నెట్ నమ్మకంగా లేని ఊళ్లలో అదే మంచిది. సినిమా ఉన్న ఫోల్డర్‌లోనే ట్రైలర్ ఫైల్ పెట్టండి. సినిమా ఫైల్ పేరు ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాసి, చివర హైఫన్, దాని వెంటనే ఇంగ్లీష్‌లో ట్రైలర్ అన్న మాట చిన్న అక్షరాల్లో. హైఫన్ ముందు గానీ వెనక గానీ ఖాళీ ఉండకూడదు. ఆ హైఫన్ చాలా ముఖ్యం. హైఫన్‌తో ఉన్న ఫైల్‌ని కోడి ట్రైలర్‌గా గుర్తించి లైబ్రరీలో విడిగా చేర్చదు. హైఫన్ బదులు స్పేస్ పెడితే అది రెండున్నర నిమిషాల ఇంకో సినిమాగా లైబ్రరీలో చేరి కూర్చుంటుంది.

లోకల్ ఫైల్ ఉంటే కోడి దానికే మొదటి పీట వేస్తుంది, స్క్రేపర్ తెచ్చిన యూట్యూబ్ అడ్రస్‌ని పక్కన పెడుతుంది. అయితే సినిమా ముందే లైబ్రరీలో ఉంటే, ట్రైలర్ ఫైల్ పెట్టగానే దానంతటది తెలుసుకోదు. సినిమా సమాచారం పేజీలో రిఫ్రెష్ నొక్కాలి.

ట్రైలర్ అడ్రస్ నేనే చేత్తో రాసుకోవచ్చా?

సినిమా పక్కనే పెట్టుకునే ఎన్‌ఎఫ్‌ఓ అనే వివరాల ఫైల్‌లో రాసుకోవచ్చు. అందులో ట్రైలర్ అనే ట్యాగ్ ఉంటుంది. మూడు చోట్ల జనం పొరపాటు పడతారు.

బ్రౌజర్‌లో కనిపించే యూట్యూబ్ లింక్‌ని నేరుగా పేస్ట్ చేయడం మొదటిది. అది వెబ్ పేజీ అడ్రస్, వీడియో అడ్రస్ కాదు, కోడి దాన్ని ఆడించలేదు. యాడ్-ఆన్‌కి రాసే పద్ధతిలోనే రాయాలి.

రెండోది & గుర్తు. యాడ్-ఆన్ పాత పద్ధతి అడ్రస్‌లో ఈ గుర్తు మధ్యలో వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఓ అనేది ఎక్స్‌ఎంఎల్ ఫైల్, అందులో ఈ గుర్తుని ఉన్నదున్నట్టు రాస్తే ఫైల్ మొత్తం చెడిపోయినట్టే. ట్రైలర్ కోసం పోతే సినిమా వివరాలే పోతాయి. కొత్త పద్ధతి అడ్రస్‌లో వీడియో ఐడీ ఒక్కటే ఇస్తాం కాబట్టి ఆ గుర్తు అవసరమే రాదు. అదే వాడండి.

మూడోది ఐడీని కళ్లతో చూసి టైప్ చేయడం. మా బంధువు ఒకాయన గంటసేపు తంటాలు పడ్డాడు. ఫోన్ తీసుకుని జూమ్ చేసి ఒక్కో అక్షరం చదివి చూస్తే, 11 అక్షరాల్లో ఏడోది ఇంగ్లీష్ పెద్ద ఐ. ఆయన చిన్న ఎల్ కొట్టాడు. ఆ ఫాంట్‌లో రెండూ ఒకేలా నిలువు గీతలా ఉన్నాయి. కాపీ పేస్ట్ తప్ప ఇంకో దారి పెట్టుకోకండి.

వందల సినిమాలకి ఇలా చేయాలంటే టైనీ మీడియా మేనేజర్ వాడండి, కంప్యూటర్‌లో కూర్చుని అన్నీ ఒకేసారి రాయించుకోవచ్చు.

యూట్యూబ్‌లో కొత్త ట్రైలర్ వచ్చింది. ఫోన్‌లో చూస్తున్నదాన్ని టీవీలోకి పంపవచ్చా?

భేషుగ్గా. కోర్ యాప్ ఉంటే యూట్యూబ్ యాప్‌లో షేర్ నొక్కినప్పుడు కోడిలో ప్లే చేయడం, కోడి క్యూలో పెట్టడం రెండూ కనిపిస్తాయి. సినిమా మీ లైబ్రరీలో ఉండాల్సిన పని లేదు. పండగ రోజు నలుగురూ కూర్చున్నప్పుడు సంక్రాంతి సినిమాల ట్రైలర్లు ఒకదాని వెనక ఒకటి క్యూలో పెట్టి చూడటం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది.

సినిమా ముందు థియేటర్‌లోలాగా రెండు ట్రైలర్లు ఆడించాలని ఉంది.

క్యూలో ముందు ట్రైలర్లు, చివర సినిమా పెట్టి మొదలుపెట్టండి. ఇంకా హంగుగా కావాలంటే దానికోసమే ఉన్న యాడ్-ఆన్లు వెతుక్కోవచ్చు, నాకైతే క్యూ చాలు.

నేను అమెరికాలో ఉన్నాను. విజయవాడలో అమ్మావాళ్ల టీవీని ఇక్కడి నుంచే రిమోట్ యాప్‌తో నడపాలని 8080 పోర్ట్ బయటికి తెరవవచ్చా?

దయచేసి తెరవకండి. ఆ కనెక్షన్‌లో పాస్‌వర్డ్ కూడా రహస్యంగా వెళ్లదు. పోర్ట్ బయటికి తెరిస్తే ఇంట్లోవాళ్ల బాక్స్ తలుపు వీధిలోకి తెరిచినట్టే. తప్పనిసరి అయితే వీపీఎన్ పెట్టుకుని దాని లోపలి నుంచి వెళ్లండి.

నేనే ఒక రిమోట్ యాప్ రాస్తున్నాను. ట్రైలర్ విషయంలో ఏం గుర్తుపెట్టుకోవాలి?

జేసన్-ఆర్‌పీసీలో, అంటే యాప్‌లు కోడితో మాట్లాడే పద్ధతిలో, సినిమా వివరాలు అడిగేటప్పుడు ప్రాపర్టీస్ జాబితాలో ట్రైలర్ అని విడిగా అడగాలి. అడగని గడిని కోడి ఇవ్వదు. కొత్తగా రాసేవాళ్లు ట్రైలర్ రావట్లేదు అనుకునేది ముందుగా ఇక్కడే.

వచ్చిన అడ్రస్ ఒక్క రకంగా ఉండదు. యూట్యూబ్ యాడ్-ఆన్ పాత పద్ధతి, కొత్త పద్ధతి, హార్డ్ డిస్క్‌లోని ఫైల్ దారి, మామూలు వెబ్ లింక్, ఇన్నీ రావచ్చు. టీవీలో ఆడించడానికి ఉన్నదున్నట్టు కోడికి తిరిగి పంపితే చాలు, మీరు దాన్ని ముట్టుకోకండి. ఫోన్‌లో ఆడించాలంటేనే అందులోంచి 11 అక్షరాల ఐడీ బయటికి తీసి యూట్యూబ్ యాప్‌కి ఇవ్వాలి. ఐడీ దొరకకపోతే ఫోన్‌లో చూడు అన్న బటన్ చూపించకండి. బటన్ల మీద కూడా ట్రైలర్ అని ఉత్తి మాట రాయకుండా, టీవీలో అనో ఫోన్‌లో అనో రాయండి. మా నాన్నగారి కథ పైన చదివారు కదా.

పాత సినిమాలకి ట్రైలర్లే దొరకవు. వాటి గడి ఖాళీగా ఉంచాల్సిందేనా?

అక్కర్లేదు. ఆ గడిలో ట్రైలరే ఉండాలని కోడి పట్టుబట్టదు, ఆడే వీడియో ఏదైనా చాలు. మా అమ్మ కోసం నేను చేసింది ఇదే. ఆమెకి సినిమా పేరు కన్నా పాట ముందు గుర్తొస్తుంది. 1957లో వచ్చిన మాయాబజార్ దగ్గర్నుంచి మొదలుపెట్టి, నలుపు తెలుపు సినిమాలు ఒక్కొక్కటిగా తీసి, ఆడియో కంపెనీల అధికారిక ఛానెల్లలో ఉన్న పాట ఒకటి ఎంచుకుని ట్రైలర్ గడిలో పెట్టాను. ఏ సినిమాకి ఏ పాట అన్నది అమ్మనే అడిగాను. కొన్నింటికి వెంటనే చెప్పింది, కొన్నింటికి రెండు రోజులు ఆలోచించింది.

ఇప్పుడు ఫోన్ ఆమె చేతిలోనే ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని పోస్టర్లు పైకి జరుపుకుంటూ, ఒకదాని దగ్గర ఆగి ట్రైలర్ నొక్కుతుంది. టీవీలో పాట మొదలవుతుంది. పల్లవి అయ్యేలోపే నిర్ణయం అయిపోతుంది.